దయ్యం మెట్టు: లావు బద్ద ఎటువైపు

పోయిన వారం రంపం చేతికి సన్నటి కత్తి ఇచ్చి, వాన వెలిసీ వెలవని మధ్యాహ్నం పూట పనిబల్ల దగ్గర ఒంటరిగా వదిలేసి వచ్చాం. ఇన్నాళ్లూ ఆవిడ కత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉందేమోనని బెంగపడ్డ పాఠకులు ఇక ఊపిరి పీల్చుకోవచ్చు. బల్ల మీద గిటారు, గిటారు అంచులో కత్తి, పక్కగదిలో నాన్న కునుకు, వంటింట్లో అత్త. ఎక్కడివక్కడే ఉన్నాయి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. రంపం అంటే కొయ్యని కోసేది కాదు, మనిషి. వీధంతా పెద్ద మేస్త్రీ అని పిలిచే వాయిద్యాలు చేసే మేస్త్రీకి ఒక్కగానొక్క కూతురు. ఉయ్యాలలో ఉండగా ఆ పిల్ల ఏడుపు ఎండుకర్ర మీద రంపం లాగినట్టు ఉండేదట. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది, అదీ ఇంట్లో మాత్రమే. బయట బోర్డు మీద ఆవిడకి తీరైన పేరొకటి ఉంది, ఊళ్లోవాళ్లకి తెలిసింది అదే. తండ్రి చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం తనే నడుపుతోంది. మేనత్త వంటింటినీ, ఇంటి పరువునీ కలిపి ఏలుతోంది.

ఆ ఇంటికి ఈమధ్య ఒక పెద్దమనిషి పాత గిటారొకటి తెచ్చాడు. ఎండ కాస్తున్నా గొడుగు వదలడు కాబట్టి ఇంట్లో ఆయన పేరు గొడుగాయన. గుమ్మంలో నిలబడి ఆయన అడిగిన మొదటి మాట, "రంపం గారంటే మీరేనా అమ్మా?" అత్త కేకలు వీధి చివరి దాకా వెళ్తాయి, ఆ పిలుపు ఆయన చెవిన పడి ఉంటుందిలే అని రంపం నవ్వుకుని ఊరుకుంది. మీరూ అప్పుడు నవ్వి ఊరుకున్నారు, నాకు తెలుసు.

ఆయన తెచ్చింది ముందు పలక బల్లపరుపుగా ఉండే మామూలు గిటారు కాదు. స్ప్రూస్ అనే దేవదారు లాంటి కొయ్య మందపాటి చెక్కని నిలువునా చీల్చి, పుస్తకం తెరిచినట్టు రెండు ముక్కలనీ పక్కపక్కన అతికించి, పైన ఉబ్బుగానూ లోపల గుంటగానూ ఉలితో తొలుచుకుంటూ పోతే దిగే వంపు పలక దానిది. నడుమ గుండ్రటి కన్నం ఉండదు, వయొలిన్‌కి ఉన్నట్టు రెండు పక్కలా మెలికల చీలికలుంటాయి. మైకులు లేని రోజుల్లో, బాకాలూ డ్రమ్ములూ హోరెత్తే డ్యాన్సు హాళ్లలో వెనక వరస దాకా వినపడాలని చేసిన రకం అది. చీలికలోంచి తొంగి చూస్తే లోపల పెద్ద మేస్త్రీ పేరున్న చీటీ కనిపిస్తుంది. మూడో తీగ మీద, ఏడో మెట్టు దగ్గర వేలు పెడితే మాత్రం స్వరం పలకదు. ఊళ పెడుతుంది, పెట్టి చటుక్కున చచ్చిపోతుంది. వాయించేవాళ్లు ఆ చోటుని దయ్యం మెట్టు అంటారు.

ఆ దయ్యం ఈ ఇంటిదే. ఊహ తెలిసినప్పటినుంచీ రంపం విన్న కథ ఇది. నాన్నకి జ్వరం తగిలిన రోజుల్లో అమ్మ, సాయం చేద్దామన్న ఉత్సాహంతో, ఎడమచేతి వాటం మనిషి కావడం వల్ల, ఆ గిటారు లోపలి బద్దల్ని కుడిఎడమలు చేసి అతికించేసింది. నిండు హాల్లో గిటారు ఊళ పెట్టింది. మేస్త్రీ పరువు గంగలో కలిసింది. అమ్మ మొహం చెల్లక ఇల్లు వదిలి పడవెక్కింది. ఆ పడవ మునిగింది, ఆమె పనిముట్ల పెట్టె ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. రంపానికి అప్పటికి మాటలు కూడా రాలేదు. ఆ తర్వాత పిల్ల ఎడమచేత్తో బలపమో పుల్లో ముట్టుకున్నప్పుడల్లా అత్త గుడ్డపీలికతో ఆ చేతిని కుర్చీకి కట్టేసేది.

గొడుగాయన అడిగింది తేలికైన పనే. పొట్ట విప్పి, తప్పుగా ఉన్న బద్దలు కోసి తీసి, సరైన వైపు అతికించాలి. నాన్న విన్నాడు, "ఆ పొట్ట విప్పావంటే నన్నింక నాన్నా అని పిలవకు" అని పక్కగదిలోకి వెళ్లిపోయాడు. సాయంత్రం గొడుగాయన వస్తాడు. అమ్మది అంటూ ఈ లోకంలో మిగిలింది ఆ తప్పొక్కటే, దాన్నీ తన చేత్తోనే కోసి పారెయ్యాలి. రంపం కత్తిని అంచులోకి దించింది.

*

కత్తిని వేణ్ణీళ్లలో ముంచడం, తుడవడం, అంచులో వేలెడు జరపడం. ముంచడం, తుడవడం, జరపడం. పాత జిగురు మొండికేస్తుందని సాయంత్రం దాకా టైము పెట్టుకుంది. తీరా చూస్తే టిక్కు టిక్కుమంటూ, చెప్పినమాట వినే పిల్లలా ఊడి వస్తోంది. ఇంత పాత గిటారుకి ఇంత మెత్తటి జిగురేమిటని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. పని ముందుకు సాగుతుంటే అనుమానాన్ని ఎవరు ఆపి పలకరిస్తారు? నడుము వంపు దగ్గర కత్తి అడ్డం తిరిగితే, చెయ్యి మార్చి పట్టుకుని కానిచ్చింది.

వెనకపలక లేచింది. గిటారు లోపల్నించి "హా" అని ఒక నిట్టూర్పు వచ్చింది.

మూసిన పెట్టె తెరిస్తే గాలి కదులుతుందని రంపానికి తెలుసు. తెలిసినా ఒకడుగు వెనక్కి వేసింది. పాత కొయ్య వాసనతో పాటు ఇంకేదో వాసన, తడి ఉన్నిదో, సబ్బుదో, ఎప్పుడో తనకి బాగా తెలిసిన వాసన మొహానికి తగిలి, ఇదేమిటని గుర్తు చేసుకునేలోపే పోయింది. బయట చూరు నీళ్లు కారుతున్నాయి. రంపం లైటు దగ్గరికి లాక్కుని గిటారు పొట్టలోకి వంగింది.

విన్న కథ నిజమే. పలక కింద నిలువుగా రెండు బద్దలుంటాయి, ఒకటి లావు, ఒకటి సన్నం. లావు బద్ద లావు తీగల కిందా, సన్న బద్ద సన్న తీగల కిందా ఉండాలి, అప్పుడే పలక ఎక్కడ బరువుగా ఊగాలో అక్కడ ఊగుతుంది. ఇక్కడ అటుది ఇటు, ఇటుది అటు ఉంది. "అమ్మా, ఎంత పని చేశావే" అని రంపం పైకే అనేసింది. అని, ఉలి తీసుకుని లావు బద్ద మొదట్లో ఆనించింది.

ఒక్క దెబ్బ వేస్తే అయిపోయేది. కానీ ఉలి ఆనిన చోటు చూసి చెయ్యి ఆగింది. బద్దకీ పలకకీ మధ్య వెంట్రుక దూరేంత సందు కూడా లేదు. తప్పు చేసేవాళ్లు హడావిడిగా చేస్తారు, ఇంత ఓపిగ్గా ఎవరు చేస్తారు? మందం కొలిచే పట్టకారు తెచ్చి పలకని అక్కడక్కడా పట్టి చూసింది. లావు బద్ద ఉన్న వైపు పలకని కూడా కాస్త మందంగానే వదిలారు, సన్న బద్ద వైపు పల్చగా తీశారు. అంటే పలక చెక్కిన మనిషికి, చెక్కుతున్నప్పుడే, బద్దలు ఎటు వస్తాయో తెలుసు. జ్వరంతో ఉన్న మేస్త్రీ పలక చెక్కి పడుకుంటే, సాయానికొచ్చిన పెళ్లాం బద్దలు తిరగేసిందన్న కథ ఈ కొయ్య దగ్గర ఒప్పడం లేదు.

రంపం మెడ వైపు వెళ్లింది. వాయించేవాడికి గుర్తుగా మెడ అంచున చిన్న చుక్కలు పొదుగుతారు, అతని కంటికి ఆనే పక్క మాత్రమే. చుక్కలున్నాయి. రెండో అంచు మీద గోరు పెట్టి రాస్తే, సరిగ్గా ఆ చుక్కలకి ఎదురెదురుగా, నల్ల మైనంతో పూడ్చిన సూది గుంతలు తగిలాయి. ఒకప్పుడు చుక్కలు ఆ వైపు ఉండేవి.

మళ్లీ పొట్ట దగ్గరికి వచ్చింది. పలక లోపల గీతలున్నాయి, పళ్లున్న చిన్న చిత్రికతో లాగితే పడే సన్నటి గీతలు, దువ్వెనతో దువ్వినట్టు. ఈ దువ్వెనకి ఒక పన్ను లేదు, అందుకే ప్రతి లాగుడులోనూ ఒకే చోట వెడల్పాటి గీత. కుడిచేతి మనిషి లాగితే గీతలు ఒకవైపు వాలతాయి. ఇవి రెండోవైపు వాలి ఉన్నాయి. రంపం ఎవరూ చూడటం లేదు కదా అని ఒకసారి గుమ్మం వైపు చూసి, ఉలిని ఎడమచేతిలోకి తీసుకుని ఆ గీతల మీద ఊరికే ఆనించింది. చెప్పు కాలికి పట్టినట్టు చెయ్యి ఆ వాలులో కూర్చుంది.

నలభై దాటిన మనిషి. ఇన్నేళ్ల పనిలో తన చెయ్యి తన మాట విన్నదన్న సుఖం ఎప్పుడూ ఎరగదు. ఏడుపు తన్నుకొచ్చింది.

*

ఈ ఇంటి పనిలో ఒక పద్ధతుంది. పలక చెక్కే మనిషి తన పలకని తను నమ్మకూడదు. కొంత చెక్కి, పలకని వేలితో తట్టాలి. గోడకి అటుపక్క కుర్చీలో ఇంకొకరు కూర్చుని, పలకని చూడకుండా, ఆ తట్టుడు మాత్రం వినాలి. పలక ఇంకా మొద్దుగా ఉంటే "ఇంకా" అంటారు. పలికితే "చాలు" అంటారు. చాలు అన్నాక పొర కాదు కదా, పొడి కూడా తియ్యకూడదు. చెక్కేవాళ్లకి ఎప్పుడూ ఇంకాస్త తియ్యాలనే ఉంటుంది, అందుకని ఆ మాట అనే హక్కు వాళ్లకి లేదు. రంపం చెక్కుతుంది, నాన్న వింటాడు.

ఎందుకో రంపానికి ఆ పలక గొంతు వినాలనిపించింది. వేలు మడిచి నడుమ తట్టింది. నిండుకుండ మీద కొట్టినట్టు ఒక లోతైన స్వరం లేచి, బల్ల మీది కొయ్యపొట్టుని అదిలించి, గదిలో చాలాసేపు నిలిచింది.

"చాలు" అన్నాడు నాన్న, పక్కగదిలోంచి, నిద్రలోనే.

రంపం ఇంకోసారి తట్టింది.

"చాలన్నానా! ఎంత బాగా వచ్చిందో చూడు. నా మాట విని ఇక ముట్టుకోకు..." ఆ గొంతు నాన్నదే గానీ ఆవిడకి తెలిసిన నాన్నది కాదు. పడుచువాడి గొంతు, బతిమాలుతున్న గొంతు. అంతలో ఆగిపోయింది. కుర్చీ కిర్రుమంది. చేతికర్ర చప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

పెద్ద మేస్త్రీ విప్పి ఉన్న గిటారుని చూశాడు.

"విప్పావా?"

"విప్పాను నాన్నా."

"అలా పిలవొద్దన్నాను."

"సరే, మేస్త్రీ గారూ. ఒక మాటకి జవాబు చెప్పండి. ఇందాక నిద్రలో చాలు అన్నారు. ఏ పలక అనుకుని అన్నారు?"

"నిద్రలో అన్నవాటికి కూడా సంజాయిషీ ఇవ్వాలా?"

"మెలకువలో అన్నవాటికి ఎప్పుడైనా ఇచ్చారా? ఈ ఇంట్లో చెక్కేవాళ్లు చాలు అనరు. కుర్చీలో ఉన్నవాళ్లే అంటారు. మీరే నేర్పారు, తొడపాశం పెట్టి మరీ నేర్పారు. ఈ పలకకి మీరు చాలు అన్నారంటే కుర్చీలో ఉన్నది మీరు. మరి బల్ల దగ్గర ఎవరున్నారు?"

"అప్పట్లో జ్వరం..." అని మొదలుపెట్టాడు మేస్త్రీ.

"జ్వరం వచ్చింది గిటారుకి కాదు కదా! ఈ పలక మందం చూశాను. మెడ మీద పూడ్చిన చుక్కలు చూశాను. ఈ గీతలు ఎడమచేతివి. ఇది కుడిచేతి గిటారు కాదు, ఎప్పుడూ కాదు. ఎవరిది?"

గట్టిగానే అరిచి ఉంటుంది, అత్త టీ కప్పుల పళ్లెంతో వచ్చి నిలబడింది. "ఏమిటే ఆ కేకలు? వీధిలోవాళ్లు వింటారు" అంది. వీధికి వినపడేలా అనడం ఆవిడకి అలవాటు, ఈసారి మాత్రం మెల్లగానే అంది. గిటారుని చూసి పళ్లెం కింద పెట్టేసింది.

"అత్తా, నువ్వైనా చెప్పు. అమ్మ చేసింది తప్పేనా?"

అత్త అన్నగారి వైపు చూసింది. ఆయన చూపు నేల మీద ఉంది. "ఇన్నాళ్లూ నీ నోటికి తాళం వేసుకున్నావు, నా నోటికీ వేశావు. ఇక నా వల్ల కాదన్నయ్యా. ఈ పిల్ల చెయ్యి కట్టమన్నావు, కట్టాను. కట్టినప్పుడల్లా వదిన అక్కడ, ఆ గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టే ఉండేది. ఒక్కదాన్నే ఈ గదిలోకి రావడం అప్పుడే మానేశాను. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

పెద్ద మేస్త్రీ కర్ర గోడకి ఆనించి, ముక్కాలి పీట మీద కూలబడ్డాడు.

"పెద్ద హాల్లో వాయించే ఆయనకి గిటారు చేసిస్తానని మాటిచ్చాను" అన్నాడు. "పలక నేను చెక్కుతున్నా. మీ అమ్మ కుర్చీలో ఉంది. తట్టాను. చాలు అంది. నాకు చాల్లేదు. ఇంకొక్క పొర తీస్తే ఇంకా పలుకుతుందనిపించింది. చాలు, చాలు, వినండీ అంది. తీశాను. నడిమధ్యకి చీలింది."

ఆ పగులు ఎంత పొడుగో వేలితో గాల్లో గీసి చూపించాడు.

"అప్పటికే తను ఒకటి చేసుకుంటోంది, నా పని అయ్యాక, నా బల్ల మీదే. ఎడమచేతి మనిషి, ఎడమచేతి గిటారు. మొదటి చెక్క నుంచి చివరి వార్నిష్ దాకా అన్నీ తనే. నేను కుర్చీలో కూర్చుని చాలు అన్నాను, అంతే నా వాటా. అలాంటి పలక నేను జన్మలో చెక్కలేదే. అడిగితే ఇచ్చేదేమో. అడగలేదు. నిన్ను నిద్రపుచ్చడానికి లోపలికి వెళ్లినప్పుడు తీగలు తిరగేశాను. తల దగ్గర తీగలు ఆనే ఎముక పట్టీ మార్చాను. చుక్కలు పూడ్చాను. చీలికలోంచి నా చీటీ అతికించాను."

"మరి లోపలి బద్దల సంగతి?"

"తిప్పాలంటే పొట్ట విప్పాలి. టైము లేదు. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా."

"హాల్లో అందరికీ తెలిసింది."

"తెలిసింది. ఆ ఊళకి జనం పడీ పడీ నవ్వారు. పొద్దున్నే ఆయన మనుషుల్ని వెంటేసుకుని ఇంటి మీదికి వచ్చాడు. ఎవడయ్యా ఇది చేసింది అన్నాడు. మీ అమ్మ నిన్నెత్తుకుని గుమ్మంలో ఉంది." మేస్త్రీ వణికే చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. "తన వైపు వేలు చూపించాను. నాకు జ్వరమొస్తే ఈవిడ బద్దలు తిరగేసింది అన్నాను."

"అమ్మ ఏమంది?"

"నిన్ను మీ అత్త చేతికిచ్చింది. ఎడమచేతి మనిషి పెంచిన పిల్ల అని దీన్ని కూడా అంటారు, నీ దగ్గరే ఉండనీ అంది మీ అత్తతో. పెట్టె తీసుకుంది. నా మొహం చూసి, చాలు అంది. వెళ్లిపోయింది."

కోపంతో కేకలేద్దామనుకుంది రంపం. బల్ల మీదవన్నీ కింద పడేద్దామనుకుంది. అవేవీ చెయ్యలేదు. "ఇన్నేళ్లూ నేను అమ్మని తిట్టుకున్నాను" అంది. "పనిలో ఏది తేడా వచ్చినా, ఆ మనిషి కూతురివి కదా, ఇంతకంటే ఏం వస్తుంది అనుకునేదాన్ని. నా చేతిని నేనే అసహ్యించుకున్నాను. మీకు ఒక్కరోజైనా చెప్పాలనిపించలేదా?"

"రోజూ అనిపించింది. రోజూ, రేపు చెప్దాం అనుకున్నా."

అత్త ముక్కు చీదుకుంది. టీ చల్లారిపోయింది. రంపం ఉలి పక్కన పెట్టకుండానే అంది, "ఈ బద్ద నేను కొయ్యను. గొడుగాయన ఏమన్నా అనుకోనీ. తీగలు తిప్పి కడతాను, అవి ఎలా ఉండాలని అమ్మ అనుకుందో అలా కడతాను. ఊళ పోతుంది. ఇందులో దయ్యం ఏమీ లేదు, మనం తలకిందులుగా వాయించాం అంతే."

ఆ మాటతో కొంత బరువు దిగినట్టైంది. ఇక్కడ ముగించేస్తే నాకూ హాయే, కానీ మేస్త్రీ చెయ్యి చాపాడు.

*

"ఒకసారి ముట్టుకోనీ" అన్నాడు.

రంపం పక్కకి జరిగింది. ఆయన పలక లోపల వేలి కొసలు పెట్టి, గీతల వెంట మెల్లిగా నడిపించాడు. ముట్టుకున్నంతసేపూ చెయ్యి వణకలేదు, అది ముందు చూసింది అత్తే.

"ఈ పళ్ల చిత్రిక నేనే చేసిచ్చాను" అన్నాడు, కళ్లు మూసుకుని. "బొటనవేలంత ఇత్తడి చిత్రిక. పెళ్లైన కొత్తలో. బ్లేడు వీపు మీద ఆకురాయితో నిలువునా గాళ్లు తీస్తుంటే ఒకచోట చెయ్యి జారి ఒక పన్ను ఎగిరిపోయింది. పారేసి ఇంకోటి చేస్తానన్నాను. వద్దు, పన్ను ఊడిన దువ్వెన లోకంలో నాకొక్కదానికే ఉంటుంది అంది. ఎంత సాన పట్టినా ఆ గుర్తు పోదు, గాడి బ్లేడు పొడుగునా ఉంటుంది కదా. పడవ మునిగాక పెట్టె తెచ్చిచ్చారు. ఉలులన్నీ ఉన్నాయి. ఇదొక్కటీ లేదు. నీళ్లలో పోయిందనుకున్నా."

వేలు చీలిక అంచు దగ్గరికి వచ్చి ఆగింది. కళ్లు తెరిచాడు. "ఇదేమిటి? లైటు ఇటు జరుపు."

అక్కడ పలకకి చిన్న పగులుంది. పగులు విచ్చుకోకుండా లోపలివైపు ఒక అతుకు వేశారు, గోరంత, గవ్వలా నున్నగా దిగిన అంచులతో. చుట్టూ పలక ఏళ్ల మీద టీ డికాషన్ రంగుకి తిరిగింది. అతుకు మాత్రం తెల్లగా, నిన్న కోసిన కొయ్యలా ఉంది.

"నువ్వు వేశావా?"

"నేనా? ఇప్పుడేగా విప్పాను." అంటుండగానే రంపానికి, మొండికెయ్యకుండా ఊడి వచ్చిన ఆ మెత్తటి జిగురు గుర్తొచ్చింది. ఇందాక పలకరించకుండా పంపేసిన అనుమానం తిరిగొచ్చి ఎదురుగా నిలబడింది. ఈ పొట్టని తనకంటే ముందు, ఈమధ్యే, ఎవరో విప్పి మూశారు.

లైటు ఇంకా కిందికి దించింది. తెల్లటి అతుకు మీద సన్నటి గీతలు, రెండోవైపు వాలి ఉన్నాయి. వాటి నడుమ ఒకచోట వెడల్పాటి గీత.

మేస్త్రీ దాన్ని చూశాడు. మళ్లీ చూశాడు. "తనదే" అన్నాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు గడ్డం మీదికి కారుతున్నాయి. రంపం తనకు తెలియకుండానే "నాన్నా" అని ఆయన భుజం పట్టుకుంది.

"రంపం" అంది అత్త. గొంతు పెంచలేదు, అదే భయంగా ఉంది. "ఆ గొడుగాయన మొదటిరోజు నిన్ను ఏ పేరుతో పిలిచాడన్నావు?"

"ఆ పేరుతోనే. నీ కేకలు విని ఉంటాడని..."

"నా కేకలా? ఆ వారమంతా నాకు గొంతు పూడుకుపోయింది కదే! సైగలతోనే కదా నీకు అన్నం పెట్టింది!"

రంపం అడగాల్సిన ప్రశ్నని అడగడానికి ధైర్యం కూడదీసుకుంది. "నాన్నా, నాకు ఆ పేరు ఎవరు పెట్టారు?"

జవాబు రాకముందే తలుపు చప్పుడైంది. చెప్పిన టైముకి ముందే వచ్చాడు గొడుగాయన. గొడుగు మడిచి, నీళ్లు దులిపి, గుమ్మంలోకి అడుగు పెట్టాడు. బల్ల మీద విప్పి ఉన్న గిటారుని చూశాడు. మేస్త్రీ తడి మొహాన్నీ, అత్తనీ చూశాడు. ఇలా ఉంటుందని తెలిసే వచ్చిన మనిషిలా తల పంకించాడు.

"ఈ గిటారు మీకు ఎవరిచ్చారు?" అంది రంపం.

"విప్పాక ఆ మాట మీరే అడుగుతారని చెప్పింది ఆవిడ. విప్పకముందు ఏం అడిగినా చెప్పొద్దంది."

"ఎవరావిడ? ఎక్కడుంది?"

గొడుగాయన ఇబ్బందిగా గొడుగుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "చెప్తానమ్మా. కాకపోతే ముందు మిమ్మల్ని ఒక మాట అడగమంది. దానికి మీరు చెప్పేదాన్ని బట్టి, చిరునామా ఇవ్వాలో, గిటారు మాత్రం తీసుకుని వెళ్లిపోవాలో చూసుకోమంది." ఆయన ఒకసారి మేస్త్రీ వైపు చూసి, రంపం వైపు తిరిగాడు. "ఏ చేత్తో విప్పారు?"

నడుము వంపు దగ్గర కత్తిని ఏ చేతిలోకి మార్చుకుందో రంపానికి అప్పుడు గుర్తొచ్చింది. తలవంచి చూసుకుంది. ఉలి ఇంకా ఎడమచేతిలోనే ఉంది.